లారీ ఎక్కిన పాస్‌వర్డ్

మా చిన్నప్పుడు... అంటే నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒక ఆదివారం మా ఇంటి ఇంటర్నెట్ పాస్‌వర్డ్ లారీ ఎక్కి ఒరిస్సా బయల్దేరింది. నవ్వకండి... ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

మాది కడియం. తాతయ్య పెట్టిన నర్సరీ. నలభై ఏళ్ళు లారీల నిండా మొక్కలు పంపిన మనిషి... వాటిలో ఒక్కటి కూడా ఎదిగి చెట్టవడం ఆయన చూడలేదు. ఊరు దాటాక ఏది బతికిందో, ఏది ఎండిపోయిందో ఎవరొచ్చి చెబుతారు?

ఆ ఏడాది నాగపూర్ నుంచి ఒక బడి హెడ్మాస్టర్ గారు కొత్త మొక్కల కోసం ఫోన్ చేశారు. ఎప్పుడో మీ దగ్గర కొన్న పొగడ మొక్క ఇప్పుడు పెద్ద చెట్టయిందని మాటల్లో అన్నారు. అంతే... తాతయ్యకి ఇక అదే ధ్యాస. ఆయనకి ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కంటికి సోమవారం రాజమండ్రిలో ఆపరేషన్. చూపు నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు డాక్టరు గారు. ఆలోగా ఆ చెట్టును చూడాలి... ఆయన కోరిక అదొక్కటే.

హెడ్మాస్టర్ గారు ఫోటో నా మెయిల్‌కి పంపారు. నెట్ సెంటరేమో మేడ మీద... నిటారు మెట్లు, తాతయ్య మోకాళ్ళు ఒప్పుకోవు. ప్రింటు తీయిద్దామంటే నలుపు తెలుపే. "ఆకుపచ్చ లేని చెట్టు నాకెందుకే అమ్మడూ" అన్నారు. అందుకే నాన్న హడావుడిగా ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కే బ్రాడ్‌బ్యాండ్ పెట్టించారు. తాతయ్యతో కలిసే చూద్దామని నేను కూడా ఆ ఫోటో తెరవలేదు.

లైన్‌మన్ గారు సెలవైనా మొహమాటానికి వచ్చారు. ఫోన్ తీగకి చిన్న డబ్బా తగిలించి, మోడెమ్ పెట్టారు. అమ్మ దానికి కుంకుమబొట్టు పెట్టింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది... ఆయనేమో పెళ్ళికి వెళ్ళాలి. కరెంటు వచ్చాక కంప్యూటర్‌లో ఫలానా నంబరు కొడితే మోడెమ్ పేజీ తెరుచుకుంటుంది, అందులో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ వేసి సేవ్ చేస్తే చాలని నాకు నేర్పారు. ఆ రెండూ నాన్నకి చెప్పి వెళ్ళిపోయారు.

నాన్న రాసుకున్నారు. దేని మీద? జేబులో ఎప్పుడూ ఉండే ప్లాస్టిక్ పుల్ల మీద... మొక్క పేరు రాసి కుండీలో గుచ్చుతామే, అది. రాశాక ఆయన చెయ్యి ఊరుకుంటుందా... అలవాటుగా అరుగు మీదున్న మందారం కుండీలో గుచ్చేసింది!

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. నేను పేజీ తెరిచి, పాస్‌వర్డ్ చెప్పు నాన్నా అన్నాను. నాన్న అరుగు మీదకి వెళ్ళారు... వట్టి అరుగు. కూలీలు కుండీలన్నీ లోడు ఎత్తేశారు. లారీ వెళ్ళి రెండు గంటలైంది.

ఆదివారం, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ తెరవరు. లైన్‌మన్ గారి సెల్ మోగుతోంది గానీ ఎత్తట్లేదు. నాన్న తల పట్టుకుని కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చేసింది. తాతయ్య మాత్రం నవారు మంచం మీద నుంచి, సత్తిబాబుకి ఫోన్ చెయ్యరా అన్నారు నాన్నతో. సత్తిబాబు మా లారీ డ్రైవర్.

అతను తుని దగ్గర భోజనానికి ఆగాడట. బండెక్కి మందారాలన్నీ వెతికి, అరగంటకి తనే ఫోన్ చేశాడు. నేనే ఎత్తాను.

"ఆయ్, దొరికిందండి. కానీ అమ్మాయిగారూ, నాకు ఇంగిలీషు రాదండి. అంకెలొచ్చు, బండి నంబర్ల మీదుండే అక్షరాలొచ్చు. అంతేనండి."

అలాగే చెప్పమన్నాను. మొదటిది తమిళనాడు బండి మీద ముందుండేది అన్నాడు. నాకేం తెలుసు! అతనన్న మాటే తాతయ్యకి వినబడేలా పైకి అన్నాను. మంచం మీద తాతయ్య చెయ్యెత్తి, గాల్లో వేలితో టీ అక్షరం గీసి చూపించారు. తర్వాతది మహారాష్ట్ర బండిది... తాతయ్య ఎమ్ గీశారు. గుజరాత్ అన్నాడు, కర్ణాటక అన్నాడు... వేలు ఎక్కడా తడబడలేదు. వీళ్ళిద్దరూ ఇంగ్లీషు చదివినవాళ్ళు కాదు. ఒకరు లారీలు తోలి, ఒకరు లారీలకి మొక్కలెత్తించి నేర్చుకున్న అక్షరాలవి.

సేవ్ కొట్టాను. మోడెమ్ మీద దీపం కాసేపు ఆరుతూ వెలుగుతూ ఉండి, చివరికి పచ్చగా నిలిచింది.

ఫోటో పైనుంచి కిందికి మెల్లగా దిగింది... ముందు ఆకాశం, తర్వాత ఆకులు, కొమ్మలు, మాను. ఆఖర్న ఆ నీడలో కూర్చుని అన్నాలు తింటున్న పిల్లలు. తాతయ్య తెరకి ముఖం ఆనించినంత దగ్గరగా వంగి చూశారు. తర్వాత ఆ మానుని చేత్తో తడిమారు.

"బతికిందే అమ్మడూ..."

నాన్న కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

ఆపరేషన్ అయింది గానీ చూపు నిలవలేదు. ఆ తర్వాత తాతయ్య ఏడేళ్ళు ఉన్నారు. ఇంటికి ఎవరొచ్చినా కూర్చోబెట్టి, ఆ చెట్టు ఏ కొమ్మ ఎటు తిరిగిందో చెప్పేవారు. అమ్మ కాఫీ ఇస్తూ, మళ్ళీ మొదలెట్టారా అనేది.

ఇప్పుడు నర్సరీ నేనే చూస్తున్నాను. మొక్కలు కొన్నవాళ్ళు రోజూ ఫోన్‌కి ఫోటోలు పంపుతారు... పూసిందనీ, కాసిందనీ. ఒక దండం బొమ్మ పెట్టేసి ఊరుకుంటున్నాను. నిజం చెప్పొద్దూ, సగం తెరవను కూడా.

మొన్న వైఫై మార్చారు. కొత్త పాస్‌వర్డ్ పుల్ల మీద రాసి, గుమ్మం పక్కన పొగడ కుండీలో గుచ్చాను. అది అమ్మే కుండీ కాదని కూలీలందరికీ చెప్పాను లెండి. గుచ్చుతుంటే తాతయ్య గుర్తొచ్చారు. ఒక్క ఫోటో కోసం అంత తపించిన మనిషి... నాకు చాలా సిగ్గనిపించింది.

మీ ఇంటికి నెట్ వచ్చిన రోజు మొట్టమొదట ఏం చూశారు... పక్కన ఎవరున్నారు? రాయండి. ఫోటోలుంటే అవీ పెట్టండి. ఈసారి అన్నీ తెరిచి చూస్తాను.