మా గల్లీలో నా ఫ్లెక్సీ

పేరు పిచ్చి మీద మా బ్యాండ్ ఒక రాక్ పాట చేసింది. ఒక్క పాట హిట్టవగానే ఊరంతా తన ఫ్లెక్సీలు కట్టించుకునే గాయకుణ్ణి అందులో గొంతు చించుకుని మరీ వెక్కిరించాను.

ఈ రోజు పొద్దున సిద్దిపేటలో మా గల్లీ మలుపు తిరిగేసరికి టీ కొట్టు పక్కన నా ఫ్లెక్సీ! నల్ల కళ్లద్దాలు, చేతిలో గిటార్, వెనక మంటలు. ‘మన రాక్ స్టార్‌కు శుభాకాంక్షలు’ అట. కింద వరసగా మా దోస్తుల ఫోటోలు.

కట్టించింది మా డ్రమ్మర్ సత్తి. వెంటనే ఫోన్ చేశాను.

“మనం పాటల ఏం పాడినమో యాదికున్నదారా?”

“ఎందుకు లేదు? గది పాట, గిది మన గల్లీ. మీ అమ్మ పొద్దుగాల్నే వచ్చి చూసి మస్తు సంబురపడ్డది. ఇగ నీ ఇష్టం, ఇప్పుతే ఇప్పు.”

విప్పేద్దామనే టీ కొట్టాయన దగ్గర నిచ్చెన అడిగి తెచ్చుకుని ఎక్కాను. పైన ఒక మూల తాడు ఊడి ఫ్లెక్సీ మడత పడింది, నా మొహం సగమే కనిపిస్తోంది. ఆ మూలను లాగి, గట్టిగా ముడేసి దిగాను.

పాట విన్నవాళ్లు కామెంట్లలో ఎంతైనా తిట్టండి. కానీ ఫోటో ఎలా ఉందో కూడా చెప్పండి.