స్టోర్‌రూమ్‌లో కూర్చున్న టీచరు

లాడ్ బజార్‌లో గాజుల దుకాణం పైన, మొదటి అంతస్తులో మా కొరియన్ క్లాసు. ఒకరోజు మెట్ల దగ్గర కొత్త ఫ్లెక్సీ కనిపించింది. కొరియన్ టీచరు దగ్గరే కొరియన్ నేర్చుకోండి అని పెద్ద అక్షరాలు, పక్కన నవ్వుతున్న ఒక అమ్మాయి ఫొటో. ఆ అమ్మాయిది కొరియా కాదు, మణిపూర్. వెనక సందులోని బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది. కొరియన్ ఒక్క ముక్క రాదు. క్లాసు చెప్పేది నేను. ఇదే పాతబస్తీలో, ఛత్రినాకలో పుట్టి పెరిగి, కొరియాలో రెండేళ్లు ఇంగ్లిష్ టీచరుగా చేసి వచ్చిన నేను.

ఒళ్లు మండిపోయింది. పైకెళ్లి ఇన్‌స్టిట్యూట్ నడిపే సార్‌ని నిలదీశాను. ఆయన తాపీగా ఇరానీ చాయ్ తెప్పించాడు. మీ కొరియన్ సీరియళ్ల పుణ్యమా అని అమ్మాయిలైతే వస్తున్నారు గానీ, ఫీజు కట్టేది తల్లిదండ్రులు కదా అన్నాడు. ఆదివారం వాళ్లకోసం డెమో క్లాసట. పార్లర్ అమ్మాయికి నాలుగు వాక్యాలు నేర్పి, ఆమెను ముందు నిలబెట్టి, నేను తెర వెనక గదిలో ఉండాలట.

"మీరు మస్తు చెప్తరు మేడమ్, అండ్ల డౌటే లేదు. కానీ మిమ్మల్ని జూస్తే ఇప్పుడే ఛత్రినాక బస్సు దిగినట్టుంటది. గంట సేపే గదా, ఫికర్ చెయ్యకుండ్రి."

గంట సేపే. ఈ మాట నేను అంతకు ముందు ఒకసారి విన్నాను.

కొరియాలో నేను పనిచేసిన బడి ఒక చిన్న ఊళ్లో ఉండేది. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, లోపల తిరగడానికి వేరే చెప్పులు వేసుకోవాలి. మధ్యాహ్నం పిల్లలతో పాటు స్టీలు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడాలి. వాళ్ల కిమ్చీలో, అదే క్యాబేజీ ఊరగాయలో, చేపల రసం కలుపుతారని తెలిసేసరికి నెల దాటింది. అప్పటికే అది లేనిదే నాకు ముద్ద దిగడం లేదు. నీచు ముట్టని మా ఇంట్లో ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. మూడో తరగతి పిల్లలు మొదట్లో నా చెయ్యి రుద్ది, రంగు పోతుందేమో అని చూసేవాళ్లు. నాకు నవ్వొచ్చేది. పిల్లల మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు.

ఆ బడిలో పాఠం ఊరికే మొదలు కాదు. క్లాసు లీడరు లేచి, అందరూ సరిగ్గా కూర్చోండి, టీచరుకి నమస్కారం అని చెప్పాలి. అందరూ తల వంచుతారు. టీచరు కూడా తిరిగి తల వంచాలి. ఆ తర్వాతే పుస్తకం తెరవడం. మా లీడరు రెండు జడల పిల్ల, తొమ్మిదేళ్లుంటాయి. ఒక్కడు వంకరగా కూర్చున్నా ఊరుకునేది కాదు.

ఏడాదికోసారి తల్లిదండ్రులు వచ్చి గది వెనక నిలబడి పాఠం చూస్తారు. దానికోసం నేను రెండు వారాలు తంటాలు పడ్డాను. సంత మీద పాఠం రాసుకుని, కాగితంతో కూరగాయలు, పళ్లు కత్తిరించి రంగులేశాను. ముందురోజు వైస్ ప్రిన్సిపాల్ వచ్చి, రెండు చేతులతో జ్యూస్ సీసా అందించాడు. తల్లిదండ్రులు అసలైన ఇంగ్లిష్ టీచరుని చూడాలనుకుంటారట. పక్క ఊరి నుంచి ఒక తెల్లాయనని పిలిపించారు. నా పాఠం, నా కాగితం కూరగాయలు ఆయనకిచ్చి, పక్కనే ఉన్న స్టోర్‌రూమ్‌లో నేను కూర్చోవాలి. గంట సేపే అన్నాడు.

సరే అన్నాను. ఇన్నేళ్లుగా నన్ను తినేస్తున్నది అదే. ఎదురు చెప్పలేదు సరికదా, ఆ జ్యూస్ కూడా తాగాను.

గోడవతల నా పిల్లలు ఎవరికో తల వంచారు. నేను నేర్పిన వాక్యాలు నా యాసలోనే అప్పజెప్పారు. పాఠం సగంలో ఉండగా స్టోర్‌రూమ్ తలుపు తెరుచుకుంది. లీడరు పిల్ల, రంగు పెన్సిళ్ల కోసం వచ్చింది. అట్టపెట్టెల మధ్య స్టూలు మీద నన్ను చూసి ఆగిపోయింది. తర్వాత రెండు చేతులూ పొట్ట దగ్గర పెట్టుకుని, రోజూ వంగినట్టే వంగింది. పెన్సిళ్లు తీసుకుని వెళ్తూ, చప్పుడు కాకుండా తలుపు మూసింది. నన్ను ఎవరూ చూడకూడదని ఆ పసిదానికి కూడా అర్థమైపోయింది.

అదంతా గుర్తుండి కూడా నేను పార్లర్ అమ్మాయికి నేర్పడానికి వెళ్లాను. నా మొహం నిండా విసుగే. ఆమె వాక్యాలు రెండుసార్లు పలికి, హిందీలో అడిగింది, ఆ ఫొటో ఎక్కడిదో తెలుసా అని. పార్లర్ బోర్డు కోసం తీసిందట. ఫ్లెక్సీ మీద వేస్తున్నామని ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. పార్లర్ ఓనరు మా సార్ భార్యే. రానంటే పని పోతుంది. ఇదే మొహం చూసి రోడ్డు మీద నోటికొచ్చినట్టు పిలుస్తారు, ఇప్పుడు ఇదే మొహం కావాల్సి వచ్చింది అంది. నేను రెండు రోజులుగా ఆమెనే తిట్టుకుంటున్నాను. సిగ్గేసింది. కానీ వాక్యాలు మాత్రం పూర్తిగా నేర్పే వచ్చాను.

ఆదివారం గది నిండింది. నేను తెర వెనక, చాయ్ ఫ్లాస్కు పక్కన కుర్చీలో కూర్చున్నాను. క్లాసు మొదలయ్యే పద్ధతి మా అమ్మాయిలకు మొదటి రోజే నేర్పాను. ఇక్కడ లీడరు డిగ్రీ చదివే అమ్మాయి, కింద గాజుల దుకాణం వాళ్ల కూతురు. షురూ చెయ్యమని సార్ అన్నాడు. ఆ అమ్మాయి లేచింది గానీ నమస్కారం చెప్పలేదు.

"మేడమ్ ఇంకా రాలే సార్. మేడమ్ లేకుంట ఎట్ల షురూ జేస్తం?"

మరి ముందు నిలబడిందెవరని సార్ పళ్లు బిగించి అడిగాడు. ఆమె పార్లర్ అక్క అంది ఆ అమ్మాయి, మామూలుగా. వెనక ఎవరో తల్లి కిసుక్కుమంది.

అవతల లొల్లి మొదలయ్యేలోపు నేను లేచాను. తెర పక్కకి లాగి, తల్లిదండ్రుల ఎదుట నిలబడ్డాను.

"కొరియన్ చెప్పేది నేను. ఆ దేశంల రెండేండ్లు ఉండి నేర్చుకున్న. మాది ఛత్రినాక."

పార్లర్ అమ్మాయి బల్ల ముందు నుంచి వెళ్లి మొదటి బెంచీలో కూర్చుంది. లీడరు నమస్కారం చెప్పింది. అందరూ తల వంచారు, నేనూ వంచాను.

సోమవారం నుంచి రావద్దని సార్ చెప్పాడు. పార్లర్ అమ్మాయిని కూడా తీసేశారు. ఇప్పుడు ఆమె ఇంకో పార్లర్‌లో చేస్తోంది, నేను ఛత్రినాకలో మా ఇంటి ముందు గదిలో చెబుతున్నాను. ఫ్లెక్సీ ఇంకా ఆ మెట్ల దగ్గరే ఉంది. చూసినప్పుడల్లా ఆ సార్‌ని తిట్టుకుంటాను, జ్యూస్ ఇచ్చిన పెద్దమనిషిని కూడా.

కానీ ఎంత తిట్టినా చివరికి నా మీదికే వస్తుంది కోపం. స్టోర్‌రూమ్‌లో ఆ పిల్ల వంగినప్పుడు టీచరు కూడా తిరిగి తల వంచాలి. నేను వంచలేదు.