గుంట మగ్గంలో కుడి కాలు

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే ఉద్యోగం దొరికింది. ఏటా ఒక పాఠం దగ్గర నేను కాస్త ఎక్కువే రెచ్చిపోయేదాన్ని. ఒంట్లోని కణాలు ఊరికే పక్కపక్కన పడి ఉండవనీ, రోజంతా ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూనే ఉంటాయనీ చెప్పే పాఠం అది. క్లోమం నుంచి బయల్దేరిన ఇన్సులిన్ రక్తంలో పడి కండల దాకా పోయి, చక్కెర వచ్చింది, లోపలికి తీసుకోండి అని చెప్తుంది. మా బాపుకున్న రకం షుగర్‌లో ఆ కబురు చేరుతుంది కానీ కండలు పట్టించుకోవు. పేరుకున్న కొవ్వు కూడా ఊరుకోదు. అది పంపే కబుర్లతో ఆ చెవుడు ఇంకాస్త ముదురుతుంది. బోర్డు నిండా బాణాలు గీసి ఇదంతా చెప్తుంటే పిల్లలు కదలకుండా వినేవారు. నాకు గర్వంగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

బాపు పోచంపల్లిలో నేతపని చేస్తాడు. ఆదివారం బస్సెక్కి ఇంటికి పోయి ఆయనకూ అదే పాఠం అప్పజెప్పేదాన్ని.

"మంచిగనే చెప్తున్నవు బిడ్డా. మీ అమ్మ మాట నేనే ఇంటలేను, నా కండలేమింటయి?" అనేవాడు.

"గదైతే నిజం" అనేది అమ్మ వంటింట్లోంచి.

షుగర్ డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయేదాన్ని. ఒకసారి ఆయన బాపును కళ్లు మూసుకోమని, సన్నటి ప్లాస్టిక్ పోగుతో అరికాలు అక్కడక్కడా తాకించి, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. కుడికాలి బొటనవేలి కింద బాపుకు ఏమీ తెలియలేదు. చేతికి తగిలిన నూలుపోగు ఎంత సన్నమో చూడకుండా చెప్పే మనిషి.

"చెప్పులు లేకుండా నడుస్తారా?" అని అడిగాడు డాక్టరు.

"లేదు సార్. ఇంట్ల గూడ ఏసుకుంట."

"అవును సార్, ఎప్పుడూ వేసుకునే ఉంటాడు" అని నేనూ సాక్ష్యం చెప్పాను.

ఇద్దరం అబద్ధమాడలేదు. మా ఇళ్లలో మగ్గం కింద కాళ్లు దించి కూర్చునే గుంటలోకి చెప్పులతో ఎవరూ దిగరు. అన్నం పెట్టే జాగా అది. చెప్పులు గుంట పక్కన విడిచి, మగ్గానికి దండం పెట్టి దిగడం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. దిగాక పొద్దంతా ఒట్టి కాళ్లతో చెక్క పలకలు తొక్కడమే. దాన్ని మాలో ఎవరూ నడవడం అనుకోరు. డాక్టరుకు మగ్గం తెలియదు, బాపుకు జువాలజీ తెలియదు. రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నాకే తట్టలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు, ఒక ఆదివారం బాపు భోంచేస్తుండగా నూలు చుట్టిన కండె ఒకటి గుంటలోకి దొర్లింది. తీద్దామని నేను దిగాను, నేనూ చెప్పులు విడిచే దిగాను. కుడివైపు పలక మీద కాలికి ఏదో తడి తగిలింది. నూనె అనుకుని వేలితో తుడిచి చూస్తే నెత్తురు, చీము.

బాపు బొటనవేలి కింద శనగగింజ పట్టేంత గుంత పడి ఉంది.

"నొప్పి లేదు బిడ్డా. ఉంటే జెప్పకపోదునా?" అన్నాడు, ఇంకా అన్నం ముందే కూర్చుని.

నేను ఆయన మీద అరిచాను, అమ్మ మీద అరిచాను. అరవాల్సింది నా మీద నేనే. ఆ సంగతి ఆయన్ని హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయే బస్సులో గానీ ఒప్పుకోలేకపోయాను.

ఆరువారాలు కట్లు కట్టారు. పుండు మానలేదు. ఒకరోజు మంచం మీద పడుకుని బాపే అడిగాడు.

"పిల్లగాండ్లకు చెప్తవు గద, నాకు గూడ జెప్పు. గిదెందుకు మానుతలేదు?"

చెప్పాను. గాయమైన చోట కణాలు, దెబ్బ తగిలింది రండి అని కబురు పెడతాయి. ఆ కబురు మోసేవాటిని పాఠంలో సైటోకైన్లు అంటాం. అది విని క్రిములతో కొట్లాడే కణాలు వస్తాయి. పని అయ్యాక, ఇక చాలు, చర్మం కట్టండి అని ఇంకో కబురు రావాలి. షుగర్ ముదిరిన ఒంట్లో మొదటి కబురే ఆగకుండా పోతూ ఉంటుంది, రెండోది సరిగ్గా రాదు. పైగా దెబ్బ తగిలిందని మనిషికి చెప్పాల్సిన నరమే మొద్దుబారింది.

"అంటే నా కాళ్ల పంచాయితి తెగుతలేదన్నట్టు" అన్నాడు.

నవ్వొచ్చింది. తర్వాత వరండాలోకి పోయి ఏడ్చాను.

బొటనవేలు తీసేశారు. పాదం దక్కింది. ఇకమీద ఒట్టి కాలు ఎక్కడ పెట్టినా పాదం కూడా పోతుందని చెప్పి, పట్టీలున్న మెత్తటి రబ్బరు చెప్పులు రాసిచ్చారు. ఈసారి మగ్గం సంగతి నేను మొత్తం వివరించాను. గుంటలో కూడా వేసుకోవాల్సిందే అన్నారు.

"చెప్పులేసుకొని మగ్గం తొక్కుడా? నాతోని గాదు" అన్నాడు బాపు.

సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. పుండు పూర్తిగా మానినా ఆయన గడప దగ్గర కూర్చుని వీధి చూసేవాడు. పక్కింటి మగ్గం చప్పుడు వినబడితే లేచి లోపలికి పోయేవాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

చివరికి అమ్మే తెగేసి చెప్పింది. "గీ చెప్పులు బజారు తొక్కనియ్యకు. గుంటల తప్ప యాడ ఏసుకోకు, బయటికి గిసొంటియే ఇంకో జత దెచ్చుకుందం. కాలు వోయినంక ఇంకేంతోని తొక్కుతవు?" అని వాటిని పసుపు నీళ్లతో కడిగి ఎండబెట్టింది.

మరునాడు పొద్దున బాపు స్నానం చేసి వచ్చి గుంట అంచున కూర్చున్నాడు. మగ్గానికి చేతులు జోడించి ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి కానీ నాకు వినబడలేదు. నేను కింద కూర్చుని కుడికాలికి చెప్పు తొడిగి పట్టీ బిగించాను.

"సరిపోయిందా బాపూ?"

"నాకేం తెలుస్తది బిడ్డా. నువ్వే జూసి జెప్పు."

పట్టీ కింద వేలు దూర్చి చూశాను. బిగుతుగా ఉంది. వదులు చేసి, మిగిలిన నాలుగు వేళ్లూ ఒక్కొక్కటే తడిమి, మళ్లీ చూశాను.

"సరిపోయింది" అన్నాను.

నా మాట నమ్మి ఆయన గుంటలోకి దిగాడు.