కొండవాలుకెక్కిన పూలపొద

ఊళ్లో అందరూ ఆమెను మొక్కలక్క అనేవారు. బస్టాండు వెనక సందులో ఆమె నర్సరీ. ఎండుపుల్లను చేతికిచ్చినా చిగురేయిస్తుందని పేరు. ఒక ఏడు పూల ప్రదర్శనలో కొత్తరకం పొద చూసి మనసుపడి తెచ్చింది. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ పూలు. నీళ్లు పోయకపోయినా బతుకుతుంది, పశువులు ముట్టవు. "చావమన్నా చావదమ్మా, ధైర్యంగా తీసుకెళ్లండి" అంటూ నవ్వుతూ అమ్మేది.

తమ్ముడు కొండవాలు కింద ఇల్లు కట్టుకున్నప్పుడు, కంచెకని ముప్పై మొక్కలు ఊరికే ఇచ్చింది. అతనికి పదకొండు ఆవులు. వాలు మీది గడ్డే వాటి మేత.

ఆ పొదకు నల్లటి చిన్న పళ్లు కాసేవి. పిట్టలు వాటిని తిని వాలంతా గింజలు రాల్చాయి. ఆరేళ్లు తిరిగేసరికి పొదలు నిలువెత్తు పెరిగి ఒకదాన్నొకటి అల్లుకున్నాయి. వాటి కింద గడ్డి మొలవడం మానేసింది. తమ్ముడు నరికాడు, మోళ్ల నుంచి రెట్టింపు లేచాయి. తగలబెట్టాడు, తొలివానకే పచ్చబడ్డాయి. అక్కతో చెబితే, "పూలమొక్కరా అది, దానికంత సీను లేదు" అని కొట్టిపారేసింది.

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. ఆకలికి తాళలేక ఆవులు ఆ ఆకులే నమిలాయి. రెండు రోజులకు మేత మానేశాయి. కళ్లు పచ్చబడ్డాయి. ఎండ తగిలిన చోటల్లా చర్మం పగిలి ఊడిరాసాగింది.

"ఆకులో విషముంది, కాలేయం దెబ్బతింది" అన్నాడు పశువుల డాక్టరు. "నీడన కట్టేయండి. అంతకుమించి నా చేతుల్లో లేదు."

కబురందగానే మొక్కలక్క పరుగున వచ్చింది. అప్పటికే ఏడు ఆవులు పోయాయి. ఎనిమిదోది పాకలో కూలబడి ఉంది. మరదలు తడిగుడ్డతో ఈగలు తోలుతోంది, తలెత్తి చూడలేదు.

"నాకు తెలీదురా..."

"నీకు తెలీదు సరే. నేను చెప్పాను కదక్కా" అన్నాడు తమ్ముడు. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు.

నర్సరీలో ఉన్న ఆ పొదలన్నీ పీకేసింది. కొన్నవాళ్ల గడపగడపకూ తిరిగి, పీకేయమని నెత్తీనోరూ బాదుకుంది. "మా ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే, దీన్నీ పీకమంటావా?" అని నవ్విందొకావిడ. నలుగురు తప్ప ఎవరూ వినలేదు.

ఆ ఎనిమిదోదీ దక్కలేదు. తమ్ముడు మిగిలిన మూడింటినీ అమ్మేసి మిల్లులో కాపలాకు చేరాడు. మొక్కలక్క నర్సరీ మూసేసి, రోజూ పొద్దున్నే గునపం పట్టుకుని వాలెక్కేది. వేరు ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుందని మోకాళ్ల మీద కూర్చుని తవ్వేది. మూడేళ్లలో రెండు మడులంత నేల తేరింది.

నాలుగో ఏడు ఒకరోజు కూర్చున్నచోటు నుంచి లేవలేకపోయింది. తమ్ముడు వచ్చి వీపున వేసుకుని కిందికి దించాడు.

"ఇంకెంత మిగిలిందిరా?" అని అడిగింది దారిలో.

"అవతలి వాలుకు కూడా పాకిందక్కా."