చావనివ్వని వైరసూ, మా మైకూ

కొత్తగా లెక్చరర్‌గా చేరిన ఆ రోజుల్లో నన్ను మెచ్చుకుంటే న్యాయమనీ, పక్కవాళ్లను మెచ్చుకుంటే లోకం చెడిపోయిందనీ నాకు గట్టి నమ్మకం. ఆ లోకాన్ని రోజూ చెడగొట్టేది మా మహబూబాబాద్ కాలేజీలో నాతోపాటే జువాలజీ చెప్పే మైకు. (గొంతును బట్టి పెట్టిన పేరు. పెట్టింది నేనే.) ఒకసారి దంతాలపల్లిలో ఆడవాళ్ల ఆరోగ్య శిబిరంలో గర్భాశయ ముఖద్వార కేన్సర్ గురించి చెప్పమని మా ఇద్దరినీ పంపారు. మా చిన్నమ్మది ఆ ఊరే. ముట్టు ఆగిన ఏండ్లకు మళ్లీ రక్తం కనబడుతోందని నాకొక్కదానికే చెప్పింది. పరీక్ష చేయించుకొమ్మని ఎంత బతిమాలినా, "ఏం గాలె బిడ్డా, వేడి చేసింది" అనేది. అందుకే నా ప్రసంగమంతా ఆమె కోసమే రాసుకున్నాను. "కేన్సర్ కారక వైరస్‌లు కణాల నిర్ణీత మరణమును నిరోధించును" అని మొదలుపెట్టాను. ముందు వరుసలో చిన్నమ్మ ఆవలించింది.

తర్వాత మైకు లేచింది. "అవ్వా, మన ఒంట్ల ఖరాబైన కణం దానంతట అదే సావాలె. 'ఇగ సావు' అని దానికి చెప్పే ప్రొటీన్ ఒకటుంటది. గీ వైరస్ ఆ ప్రొటీన్‌నే లేకుంట చేస్తది. ఇగ ఆ కణం సావది, ఒకటికి పదైతది."

"గట్లయితే మా అత్తకు గూడ గదే పట్టినట్టుంది!" అని వెనకనుంచి ఒకామె అరిచింది. ఆ అత్త పక్కనే కూర్చుని అందరికన్నా గట్టిగా నవ్వింది. ఆ నవ్వులోనే మైకు, "ముట్టాగినంక రక్తం కనబడితే దాచుకోకుండ్రి, జర దవాఖానకు రాండ్రి" అంది. నేను తప్ప అందరూ చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక చిన్నమ్మ నన్ను దాటుకుని పోయి మైకు చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, నన్ను దవాఖానకు తోలుకపోతవా?"

"నేను ఎన్నిసార్లు చెప్పిన చిన్నమ్మా!" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

"నువ్వు చెప్పినవు గని, ఆమె సమజయ్యేటట్టు చెప్పింది."

ముగ్గురం కలిసే పోయాం. కేన్సరే, కానీ మొదట్లోనే దొరికింది. ఆపరేషన్‌తో బతికి బయటపడింది. డాక్టర్ ఆ మాట చెప్పినప్పుడు నేను మైకును పట్టుకుని ఏడ్చాను. ఆమె భుజం మీద తల పెట్టి కూడా, నాలుగు ముక్కలు సమజయ్యేటట్టు నాకెందుకు చెప్పరాలేదా అని కుళ్లుకున్నాను.

మొన్న ఆదివారం చిన్నమ్మ ఇద్దరినీ భోజనానికి పిలిచింది. మటన్ పులుసులోని నల్లిబొక్కలన్నీ ఏరి మైకు పళ్లెంలోనే వేసింది. ఇంత వయసొచ్చినా కడుపు మండింది. మండుతుండగానే, వడ్డించే ఆ చేతి గాజుల చప్పుడు విని, ఉత్త పులుసులో అన్నం కలుపుకుని తృప్తిగా తిన్నాను.