మా నాన్న స్ప్లర్జ్ చేసిన రోజు

నెల్లూరు కాలేజీలో చదివే మా మనవరాలు మొన్న ఖరీదైన చెప్పులు వేసుకొచ్చి, "స్ప్లర్జ్ చేసినా తాతా" అంది. అయిదో తరగతిలోనే ఇంగ్లీషుకూ నాకూ సంబంధం చెడింది గనుక, అదేమైనా జబ్బా అని అడిగాను. పిల్ల నవ్వి, ఫోనులో వెతికి చెప్పింది: చేతికి ఎముక లేనట్టు ఖర్చు పెట్టడమట. నీళ్లు చిమ్మడానికి ఇంగ్లీషులో ఉన్న మాటనూ, అల ఉవ్వెత్తున లేవడానికి ఉన్న మాటనూ కలిపి ఎవరో దీన్ని పుట్టించి ఉంటారట గానీ, ఖాయంగా ఎవరికీ తెలియదట. మొదట్లో నలుగురి కళ్లూ పడేలా చేసే ఆర్భాటాన్నే అలా అనేవారట, డబ్బు సంగతి తరువాత వచ్చి చేరిందట. మైపాడు సముద్రపు ఒడ్డున పుట్టిన నాకు అది వినగానే మా నాన్న గుర్తుకొచ్చాడు.

మా నాన్న బీడీని సగం కాల్చి ఆర్పి, చెవి మీద పెట్టుకుని, మిగతా సగంతో మర్నాడు పండగ చేసుకునే మనిషి. అందుకే ఆయన కొత్త పడవ చేయించినప్పుడు, ఈయన గంజి కూడా కొలిచి పోస్తాడని ఊళ్లో ఒక్కడూ పనికి ఒప్పుకోలేదు. మనుషులు దొరక్కపోతే ఆ పడవ కాకులు వాలడానికే పనికొస్తుంది. బడి మానేసిన నేను ఎలాగూ ఉన్నాను, అమ్మ పోరు పడలేక మా మేనమామలు మొదటి రోజుకు మాత్రం వచ్చారు.

కొత్త పడవ తొలివేటలో ఒక గంప చేపలు ఊరివాళ్లకు వండిపెట్టి, మిగతావి అమ్ముకోవడం మా ఆనవాయితీ. ఆ గంపైనా పెడతాడా అని ఒడ్డున ఆడవాళ్లు ముందే నవ్వుకున్నారు. తీరా చూస్తే వల నిండా మంచి ధర పలికే వంజరాలే. నెల్లూరు వ్యాపారి ఐసు పెట్టెలతో సిద్ధంగా ఉన్నాడు. నాన్న చేపల్ని చూశాడు, పడవను చూశాడు, నవ్వుతున్న ఆడవాళ్లను చూశాడు.

"ఈ పొద్దు అమ్మేది లేదన్నా. కూచోని తినేసి పో," అన్నాడు వ్యాపారితో.

"మీ నాయనకు జొరమేమన్నా తగిలిందేంట్రా?" పెద్దమామ నా చెవిలో గొణిగాడు.

"తగ్గేలోపల పొయ్యి రాజెయ్యి మామా," అన్నాను.

ఇక ఒడ్డంతా పొయ్యిలే. ఇంట్లోని బియ్యం బస్తాలు, అమ్మ ఏడాదికని దాచిన చింతపండు, అన్నీ ఇసుకలోకి వచ్చాయి. నాన్న గరిటె పట్టుకుని, వద్దన్నవాడి ఆకులో కూడా ముక్కలు వేస్తూ, అమ్మ వైపు మాత్రం పొరపాటున కూడా చూడకుండా తిరిగాడు. మర్నాడు తెల్లవారేసరికి తలకు తువ్వాళ్లు చుట్టుకుని ఎంతమంది పడవ దగ్గర నిలబడ్డారంటే, ఎవరిని వద్దనాలో తెలియక నాన్న తల గోక్కున్నాడు. ముందురోజు నవ్విన ఆడవాళ్లే, మా ఇంటాయనను పెట్టుకోన్నా అని బతిమాలుతుంటే, నేను పడవ అంచున రాజుగారి బావమరిదిలా కూర్చున్నాను.

ఇప్పుడు ఖర్చు పెట్టడానికి బొటనవేలు చాలు. మా వీధిలో ఎవరు ఏం కొన్నారో అట్టపెట్టె దిగేదాకా పక్కింటికి తెలియదు, దిగాక కూడా తలుపు వేసుకునే విప్పుతారు. తప్పనను, నా ఫోనూ అలాగే వచ్చింది. కానీ ఆ రోజు మా నాన్న ఖర్చు పెడుతుంటే, ఆ పులుసు వాసన ఊరి చివరి గుడిసెదాకా వెళ్లి, మంచాన పడ్డ ముసలివాళ్లను కూడా లేపి కూర్చోబెట్టింది.