నా దొంగ బీపీ

నాకు ఏడాదిపాటు బీపీ ఉండేది. అంటే, మా జాలరిపేట జనం లెక్కలో ఉండేది. నా ఒంట్లో మాత్రం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. మద్దిలపాలెంలో ఒక చిన్న ఆఫీసులో టైపు చేసేదాన్ని. మొగుడు మంచివాడు, అత్త అంతకన్నా మంచిది, తిండికి లోటు లేదు. అయినా ఒక చలికాలం పొద్దున్న దువ్వెన ఎత్తడం కూడా నాకు బరువైపోయింది. బస్సులో ఏ కారణం లేకుండా కళ్ళు కారేవి. పక్కావిడ తన సంచిలోని ఉల్లిపాయల వల్లే అనుకుని జరిగి కూర్చునేది. ఆఖరికి మా ఆయన నన్ను మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు రోజుకొక సెర్ట్రలీన్ మాత్ర రాసి మూడు ముక్కలు చెప్పాడు.

"పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, తొందరపడొద్దు. బాగుంది కదా అని మీ అంతట మీరు ఆపెయ్యొద్దు. వేరే ఏ మందు వేసుకోవాలన్నా, ఇది వాడుతున్నానని ముందు చెప్పాలి."

మొదటి రెండూ బుద్ధిగా పాటించాను. మూడోదాని దగ్గరే నా బుద్ధి గడ్డి తింది. పిచ్చి డాక్టరు మాత్ర అంటే పేటలో ఏమనుకుంటారో అని బయటికి రాగానే బెంగ పట్టుకుంది. ఆటోలో మా ఆయన ఉపాయం చెప్పాడు.

"బీపీ బిళ్ళ అని సెప్పేద్దాం. మా అమ్మకేటి తెలుస్తాది?"

ఆవిడ నలభై ఏళ్ళుగా వీధి వీధి తిరిగి చేపలమ్మిన మనిషి. బీపీ గురించి తెలియాల్సిందంతా గుమ్మాల దగ్గరే నేర్చేసుకుంది. ఆ సాయంత్రం నుంచే పులుసులో ఉప్పు మాయమైంది. ఎండుచేప నా కంటికి కూడా చూపించలేదు. మా ఆయనకి కంచం అంచున కాస్త ఉప్పు పెట్టేది. ఆయన నా ఎదురుగా దర్జాగా కలుపుకుని తినేవాడు. ఉపాయం ఆయనది, చప్పిడి కూడు నాది! ఆఫీసులో టైపు మిషను బల్ల సొరుగులో ఉప్పు పొట్లం దాచుకుని, మధ్యాహ్నం జామకాయలకి అద్దుకుని కసి తీర్చుకునేదాన్ని.

మందు మాత్రం పనిచేసింది. ఆరో వారంలో బస్సులో ఇద్దరు సీటు కోసం కొట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చిందని మళ్ళీ ఏడుపొచ్చింది. రేకు మీద పేరు ఎవరైనా చదువుతారేమోనని మాత్రల్ని విప్పి పాత నస్యం డబ్బాలో పోసుకునేదాన్ని. చదువుకున్న దాని తెలివి అలా ఉండేది.

మరుసటి ఏడు వానాకాలం చివర్లో పెరట్లో జారిపడ్డాను, నడుం పట్టేసింది. మా పేటలో మాత్రలు కూడా కూర గిన్నెల్లా ఇంటింటికీ తిరిగేవి. పక్కింటాయన పడవ తోస్తూ కాలు విరగ్గొట్టుకున్నప్పటి నొప్పి మాత్రలు ఇంకా మిగిలున్నాయి. అత్త వాటిలో రెండు తెచ్చింది. తెచ్చి వెంటనే ఇవ్వలేదు. వీధి చివర మందుల షాపుకి వెళ్ళి అడిగింది.

"బాబూ, బీపీ బిళ్ళలు యేసుకున్న మనిసికి ఇది పడతాదేటి?"

పడుతుందన్నాడతను. ఆవిడ అడగాల్సిన జాగ్రత్తే అడిగింది. నా అబద్ధం వల్ల తప్పు జవాబు వచ్చింది. నేనైతే పేరు కూడా చూడకుండా పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి మింగేశాను.

మూడు గంటలకల్లా ఒళ్ళంతా చెమటలు. చేతులు వణుకుతున్నాయి, కాళ్ళు వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి, గుండె దడదడమంటోంది. అత్త ఒక్క చూపులో రోగం తేల్చేసింది.

"ఓలమ్మో, బీపీ ఎక్కేసినాది! ఇంకో బిళ్ళ యేసుకోయే, దిగిపోద్ది."

నస్యం డబ్బా తెరిచి మాత్ర నా పెదాల దాకా తెచ్చేసింది. అప్పుడు గుర్తొచ్చింది డాక్టరు చెప్పిన మూడో ముక్క. నిజంగా భయం వేసింది. పళ్ళు బిగించి, "వద్దత్తా, ఆస్పత్రికి" అన్నాను. మా ఆయన పోర్టులో డ్యూటీలో ఉన్నాడు. అత్తా, ముగ్గురు పక్కిళ్ళ ఆడవాళ్ళూ నన్ను ఆటోలో కుక్కి వెంట వచ్చారు.

అక్కడి డాక్టరు చూస్తే బీపీ నిజంగానే ఎక్కువగా ఉంది. ఏడాదిగా లేనిది సరిగ్గా ఆ రోజే వచ్చింది.

"నాను సెప్పలేదేటి!" అంది అత్త, గొప్పగా.

"ఏం మందులు వాడుతోంది?"

"బీపీ బిళ్ళలు బాబూ, ఏడాదై. ఇయ్యాల నడుం నొప్పికి ఇయ్యి రెండు." నస్యం డబ్బాతో పాటు కొంగు ముడి విప్పి ఖాళీ రేకు కూడా ఇచ్చింది. దాని మీద ట్రామడాల్ అని ఉంది.

"మరి ఈ డబ్బాలో మాత్ర పేరేంటి?"

"పేరేటి బాబూ, బీపీ బిళ్ళే."

వెనక పేట మొత్తానికి వార్తలు మోసే ముగ్గురూ నిలబడి ఉన్నారు. పరువా, ప్రాణమా? పళ్ళు టకటకలాడుతుండగా చెప్పేశాను.

"అది బీపీది కాదండి. నాకు మనసు బాగోక ఇచ్చారండి. సెర్ట్రలీన్."

డాక్టరు ముఖం మారిపోయింది. ఈ రెండూ కలిస్తే మెదడులో ఒక పదార్థం హద్దు మీరి పెరుగుతుందనీ, అందుకే ఒళ్ళు ఇలా అదుపు తప్పిందనీ చెప్పాడు. "ఇంకోటి వేసుంటే ప్రాణం మీదికొచ్చేదమ్మా" అన్నాడు. అప్పటికి రెండూ ఆపించి, సెలైన్ పెట్టి, మర్నాటిదాకా కదలనివ్వలేదు. నా మందు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో నా డాక్టరునే అడగమన్నాడు.

డాక్టరు వెళ్ళాక అత్త నా మంచం అంచున కూర్చుంది. తర్వాత అడిగింది.

"మరి బీపీ?"

"లేదత్తా. ఎప్పుడూ లేదు."

"మరి నాను ఏడాదై సప్పిడి కూడెందుకు తిన్నానే?"

నాకు తెలియనే తెలియదు. నేను చప్పిడి తింటుంటే తనకు ఉప్పు గొంతు దిగేది కాదట. ముగ్గురు ఆడవాళ్ళూ పడీపడీ నవ్వారు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఈసారి ఏడుపుకి కారణం ఉంది.

"ఏడుపొత్తే నాతో సెప్పాల," అంది అత్త, నా కాళ్ళు నొక్కుతూ. "మీ మామ సంద్రంలోకి ఏటకెళ్ళి మరి రానప్పుడు రెండేళ్ళు ఏడిసాను. నాకెవుడూ బిళ్ళియ్యనేదు."

ఇంటికొచ్చాక నా మందు పేరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, డబ్బుల తిత్తిలో దోపుకుంది. ఓసారి నాకు దగ్గొస్తే ఆ కాగితం షాపతని ముక్కు కింద పెట్టి, "ఇది యేసుకున్న మనిసికి ఈ మందు పడతాదేటి?" అని నిలదీసింది. అతను చదివి, తీసిన సీసా లోపల పెట్టేసి, ముందు డాక్టరుని అడగమన్నాడు.

రెండేళ్ళకి డాక్టరు చెప్పినట్టే మాత్ర కొంచెం కొంచెంగా తగ్గించి మానేశాను. ఆ కాగితం ఇంకా ఎందుకత్తా, పారేయమన్నాను.

"ఉండనీ," అంది తిత్తి బిగించి. "బీపీ అంటే నమ్మేసినాను. ఇప్పుడు బాగున్నానంటావు, నమ్మాలా వద్దా?"